50 గజాల మైదానం: మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవరాలికీ, మనవడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరు అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు కర్ట్ వార్నర్ గురించి అడిగినప్పుడు నేను సరిగా చెప్పలేకపోయాను. కిరాణా దుకాణంలో సరుకులు సర్దిన మనిషి ఉన్నట్టుండి సూపర్ బౌల్, అంటే ఆ ఆటలో అన్నిటికన్నా పెద్ద ఫైనల్, ఎలా గెలిచాడు, ఇది జరిగిన కథా, అల్లిన కథా అన్నది మీ ప్రశ్న. జరిగిన కథే. అయితే ఆ ‘ఉన్నట్టుండి’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఆ దుకాణానికీ ఆ గెలుపుకూ మధ్య ఐదేళ్లున్నాయి. చెప్పేవాళ్లు చాలామంది వాటిని ఒక్క వాక్యంలో దాటేస్తారు కనుక నేను వాటి గురించే ఎక్కువగా రాస్తాను.

ముందు ఆట సంగతి. పేరుకు ఫుట్‌బాలే గాని అమెరికావాళ్ల ఆటలో కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడమూ పట్టుకొని పరుగెత్తడమూ ఎక్కువ. మైదానం 100 గజాలు, ఒక్కో జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలైనా ముందుకు సాగాలి, లేదంటే బంతి అవతలివాళ్లకు పోతుంది. బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటిస్తే అది టచ్‌డౌన్. ప్రతి ప్రయత్నంలోనూ బంతిని ముందుగా అందుకొని, దాన్ని ఎవరి చేతికివ్వాలో, ఎవరికి విసరాలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. ఏనుగు పిల్లల్లాంటి మనుషులు అతని మీదికి దూసుకొస్తూంటారు కాబట్టి ఆ తేల్చుకోవడానికి అతనికి దొరికేది మహా అయితే మూడు సెకన్లు. ఈ మూడు సెకన్లను గుర్తుపెట్టుకోండి.

వార్నర్ 1971లో అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో పుట్టాడు. సీడర్ ఫాల్స్‌లోని నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయంలో చేరాడు గాని, అక్కడ మొదటి నాలుగేళ్లూ పక్కన కూర్చొని ఇతరులు ఆడుతుంటే చూడటమే సరిపోయింది. చివరి ఏడు, అంటే 1993లో, అవకాశం వచ్చినప్పుడు తమ లీగులో మేటి ఆటగాడన్న పేరు తెచ్చుకున్నాడు. ఒక్క ఏడాది ఆటను చూసి ఎవరు నమ్ముతారు? కాలేజీ ఆటగాళ్లను అమెరికా ప్రధాన ఫుట్‌బాల్ లీగైన ఎన్.ఎఫ్.ఎల్. జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు 1994లో ఏడు రౌండ్లు నడిచినా ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ మాత్రం శిక్షణ శిబిరానికి రమ్మన్నారు. అక్కడ బ్రెట్ ఫార్వ్ వంటి ఉద్దండుల వెనక ఇతనిది ఆఖరి స్థానం. ఒకరోజు కోచ్ మైదానంలోకి వెళ్లమంటే, ఎత్తుగడలు ఇంకా వంటబట్టలేదన్న భయంతో వార్నర్ వెళ్లనన్నాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు గడవకుండానే అతన్ని పంపించేశారు. ఇంకెప్పుడూ వచ్చిన అవకాశాన్ని కాదనకూడదని అప్పుడే అనుకున్నానని అతనే తర్వాత చెప్పుకున్నాడు.

మీరు విన్న దుకాణం ఇక్కడ వస్తుంది. సీడర్ ఫాల్స్‌లోని హై-వీ దుకాణంలో, గంటకు ఐదున్నర డాలర్ల కూలికి, రాత్రిపూట అరలు నింపే పని. అయోవాలో మీ మామయ్య ఇంట్లో ఉన్న చలికాలంలో నేను పాలకూ కూరలకూ హై-వీకే వెళ్లేవాణ్ని. అక్కడ డబ్బాలు పేర్చే కుర్రాళ్లు కనబడితే, వీళ్లలో ఎవరి చేతిలో ఏముందో అని కాసేపు నిలబడి చూసేవాణ్ని. మీ అమ్మమ్మ విసుక్కునేది.

1995లో అతను డి మోయిన్ నగరంలోని అయోవా బార్న్‌స్టార్మర్స్ జట్టులో చేరాడు. అది ఆరీనా ఫుట్‌బాల్. పెద్ద లీగువాళ్లు చిన్నచూపు చూసే ఆట. ఐస్ హాకీ ఆడేంత చోటులో, పైకప్పు కింద, 50 గజాల మైదానంలో, జట్టుకు ఎనిమిది మందితో ఆడతారు. పక్క గీత ఉండవలసిన చోట మెత్తలు కట్టిన గోడ ఉంటుంది. అంత ఇరుకులో బంతి పట్టుకొని ఆలోచిస్తూ నిలబడితే పని జరగదు. ఎవరు ఖాళీ అవుతాడో ముందే పసిగట్టి, వాడు అక్కడికి చేరేలోపే బంతిని వదిలేయాలి. సందు ఎంత సన్ననిదైనా అందులోంచే పంపాలి. మూడేళ్లపాటు వార్నర్ ఆడింది ఈ ఆటే. 1996లోనూ, 1997లోనూ జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లాడు గాని రెండుసార్లూ ఓటమే. చికాగో బేర్స్ పరీక్షకు పిలిస్తే, పెళ్లయ్యాక జమైకా విహారానికి వెళ్లినప్పుడు విసిరే చేతి మోచేతికి సాలీడు కుట్టి, ఆ పిలుపు కూడా చేజారింది. ఇలాంటిది కథలో రాస్తే మనం రచయితను తిట్టుకుంటాం.

1997 చివర సెయింట్ లూయిస్ రామ్స్ అతన్ని తీసుకొని, 1998 వసంతంలో ఐరోపాలోని ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్ జట్టుకు ఆడమని పంపారు. విసిరిన గజాల్లోనూ, టచ్‌డౌన్లలోనూ అతను అక్కడి లీగులో అందరికన్నా ముందు నిలిచాడు. తిరిగి వచ్చాక రామ్స్ క్వార్టర్‌బ్యాకుల్లో అతనిది మూడో స్థానమే. ఆ ఏడాది ఒక్క ఆటలో 11 సార్లు విసిరితే నాలుగు అందాయి. 1999 ఆరంభంలో, కొత్తగా పుడుతున్న క్లీవ్‌లాండ్ జట్టు కోసం ప్రతి జట్టూ వదులుకోగలిగిన కొందరు ఆటగాళ్లను జాబితాలో పెట్టవలసి వచ్చింది. రామ్స్ వార్నర్‌ను పెట్టారు. క్లీవ్‌లాండ్ అతన్ని తీసుకోలేదు.

ఆ ఆగస్టులో, సన్నాహక ఆటలో, రామ్స్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతింది. కోచ్ డిక్ వర్మీల్ విలేకరుల ఎదుట కన్నీళ్లు పెట్టుకుంటూనే, వార్నర్‌తోనే ముందుకు వెళతామని ప్రకటించాడు. ముందటేడు 16 ఆటల్లో నాలుగే గెలిచిన జట్టు అది, ఈ మనిషికేమో 28 ఏళ్లు. తొలి మూడు ఆటల్లోనూ మూడేసి టచ్‌డౌన్లు విసిరాడు. తమను 17 సార్లు వరసగా ఓడించిన శాన్ ఫ్రాన్సిస్కో మీద ఒక్క ఆటలోనే ఐదు. ఏడాది ముగిసేసరికి 4,353 గజాలు, 41 టచ్‌డౌన్లు, 13 గెలుపులు, లీగులో అత్యుత్తమ ఆటగాడి బిరుదు. మార్షల్ ఫాక్, ఐజాక్ బ్రూస్, టోరీ హోల్ట్ వంటివాళ్లు పక్కన లేకపోతే ఇదంతా జరిగేది కాదని కూడా చెప్పాలి. కానీ వాళ్లంత వేగంగా పరుగెత్తేవాళ్లకు బంతిని అంతే వేగంగా వదలగల చెయ్యి కావాలి. అది డి మోయిన్‌లోని గోడల మధ్య తయారైన చెయ్యి.

2000 జనవరి 30న అట్లాంటాలో టెనసీ టైటన్స్‌తో సూపర్ బౌల్. రామ్స్ 16–0 ఆధిక్యం కరిగిపోయి 16–16 అయింది. మిగిలింది రెండు నిమిషాల పైచిలుకే. వార్నర్ బంతి అందుకొని బ్రూస్ కోసం విసురుతూండగానే జెవాన్ కర్స్ అనే బలశాలి వచ్చి ఢీకొన్నాడు. దెబ్బకు బంతి కాస్త పొట్టిగా పడింది. బ్రూస్ వేగం తగ్గించి దాన్ని అందుకొని గీత దాటేశాడు. 73 గజాలు. అర క్షణం ఆలస్యమై ఉంటే బంతి చేతిలోంచి బయటపడేదే కాదు. మిగిలిన కాలంలో టెనసీవాళ్లు చివరి గీతకు ఒక్క గజం దూరం దాకా వచ్చి ఆగిపోయారు. 23–16తో రామ్స్ గెలిచారు. ఆ ఒక్క గజం కథ ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య