కోర్లు పెంచితే స్పీడు పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

"సిస్టమ్ బాగా స్లో అయిపోయిందండీ, ఎనిమిది కోర్ల ప్రాసెసర్ వేసేయమంటారా?" విశాఖ ద్వారకానగర్‌లో కంప్యూటర్ రిపేరు బల్ల ముందు కూర్చున్న ఎవరికైనా అలవాటైన ప్రశ్న ఇది. కోరు అంటే ప్రాసెసర్ (సీపీయూ) లోపల విడిగా పని చేయగల ఒక్కో భాగం. అడిగేవాళ్ళలో చాలామంది పిల్లల చదువు కోసమో, సొంత డీటీపీ షాపు కోసమో నెలనెలా కూడబెట్టుకున్న డబ్బుతో వస్తారు. ఎవరో ఏదో చెప్పారని ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరు కాకూడదు.

అపోహ: కోర్లు రెట్టింపైతే స్పీడు రెట్టింపవుతుంది.

వాస్తవం: పనిని కోర్లకు పంచాల్సింది సాఫ్ట్‌వేర్. అది పంచకపోతే మిగతా కోర్లు ఊరికే కూర్చుంటాయి. ఎనిమిది కోర్లు, ఒక్కోటి 3 గిగాహెర్ట్జ్ (కోరు వేగం కొలత), మొత్తం 24 గిగాహెర్ట్జ్ అని లెక్క కట్టి అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ లెక్క శుద్ధ తప్పు.

అసలు లెక్క ఇదీ. ఒక్క కోరు మీద 100 సెకన్లు పట్టే పనిలో సగమే పంచడానికి వీలైనది అనుకోండి. నాలుగు కోర్ల మీద దానికి 62 సెకన్లు పడుతుంది, ఎనిమిది మీద 56. కోర్లు రెట్టింపు చేసినందుకు కలిసొచ్చింది ఆరు సెకన్లు. ఎన్ని కోర్లు వేసినా 50 కంటే కిందికి దిగదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పింది ఇదే. అదే 95 శాతం పంచగలిగే పనైతే నాలుగు కోర్ల మీద 29 సెకన్లు, ఎనిమిది మీద 17. ఇక్కడ పెట్టిన డబ్బుకు ఫలితం ఉంది.

కాబట్టి మీరు రోజంతా ఏం చేస్తారన్నదే తేల్చుకోవాలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు చేసేవాళ్ళకు కోర్లు పెంచి లాభం లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. డెస్క్‌టాప్‌లకు రెండు కోర్ల ప్రాసెసర్లు వచ్చిందే 2005లో. అంటే ఒక్క కోరే ఉన్న రోజుల్లో రాసిన సాఫ్ట్‌వేర్ అది. ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ యూనిట్లలో ఆటోకాడ్ డ్రాయింగులు వేసేవాళ్ళకూ ఇంచుమించు అంతే. 2డీ రీజెన్ (డ్రాయింగును తెర మీద మళ్ళీ గీయడం), రెండరింగ్ (3డీ మోడల్‌ను బొమ్మగా మార్చడం) తప్ప ఆటోకాడ్ చాలావరకు ఒకే కోరు మీద నడుస్తుంది. వీళ్ళకు కావాల్సింది ఎక్కువ కోర్లు కాదు, వేగమైన కోరు. ఇంటెల్ చిప్‌లలో రెంటికీ నాలుగే కోర్లున్నా ఐ3-12100, పాత ఐ7-7700ని దాటిపోయేది అందుకే. బ్లెండర్‌లో సీపీయూ రెండరింగ్, హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో కన్వర్షన్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం, రెండు మూడు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్లు) నడపడం, వీటికి మాత్రం కోర్లు పెంచండి, ఆలోచించక్కర్లేదు.

ఎవరి మాటా నమ్మకుండా మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద లాజికల్ ప్రాసెసర్లు (విండోస్ లెక్కలో పని చేయగల కోర్లు) ఎన్నో చూడండి. 100ని ఆ అంకెతో భాగించండి. నాలుగైతే 25, పన్నెండైతే దాదాపు 8. ఇప్పుడు మిమ్మల్ని రోజూ విసిగించే పని మొదలుపెట్టి యుటిలైజేషన్ గమనించండి. నాలుగు ప్రాసెసర్ల మెషీన్‌లో అది 25-30 దగ్గరే ఆగిపోయిందంటే ఒక్క కోరే చచ్చీచెడీ పనిచేస్తోంది. చాలామంది ఈ 25 చూసి "సీపీయూ ఖాళీగానే ఉంది కదా" అనుకుంటారు. ఖాళీగా ఉన్నది మిగతా మూడు. వాటి పక్కన ఇంకో నాలుగు చేర్చితే అవీ ఖాళీగానే ఉంటాయి. అలా కాకుండా పని జరుగుతున్నంతసేపూ 90 పైనే నిలబడితే కోర్లు చాలడం లేదన్నమాట. కోరు వారీ గ్రాఫులు చూసి తికమక పడొద్దు. విండోస్ ఒకే పనిని ఒక కోరు నుంచి ఇంకో కోరుకి మారుస్తుంటుంది, అందుకే ఏ గ్రాఫూ నిండుగా కనపడకపోవచ్చు. మొత్తం శాతమే చూడండి.

సీపీయూ తక్కువుండి డిస్క్ 100 దగ్గర ఉంటే అది హార్డ్‌డిస్క్ బాధ, దాని బదులు వేగమైన ఎస్‌ఎస్‌డీ వేస్తే తీరుతుంది. మెమరీ 90 దాటితే ర్యామ్ పెంచాలి. "స్లో" అని తెచ్చే పాత సిస్టమ్‌లలో ఎక్కువ భాగం ఈ రెంటితోనే బాగుపడతాయి.

మన ఊళ్ళో ఇంకోటి కూడా చూడాలి. లోడు పడగానే, టాస్క్ మేనేజర్‌లోని స్పీడు అక్కడే రాసి ఉన్న బేస్ స్పీడు కంటే కిందికి పడిపోతుంటే ప్రాసెసర్ వేడెక్కి తనను తాను తగ్గించుకుంటోందేమో చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత 95-100 డిగ్రీలు చూపిస్తే అనుమానమే లేదు. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్ళలో ఆ చెమ్మ గాలికి దుమ్ము జిగటగా హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య అతుక్కుపోతుంది, ఊదితే రాదు. ఫ్యాన్ విప్పి బ్రష్‌తో తీసి, ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. ఆ తర్వాతే అప్‌గ్రేడ్ మాట.

అపోహ: సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే అయితే ఏ ప్రాసెసరైనా పడుతుంది.

వాస్తవం: ఇంటెల్ 6, 7 తరాలదీ 8, 9 తరాలదీ ఎల్‌జీఏ 1151 సాకెట్టే. కానీ హెచ్110, బీ250 లాంటి పాత బోర్డుల్లో 8వ తరం చిప్ కూర్చుంటుంది గానీ పనిచేయదు. ఏఎమ్‌డీ ఏఎమ్4లో 2017 నాటి బోర్డు మీద కూడా రైజెన్ 5000 వేయొచ్చు, బోర్డు కంపెనీ సపోర్ట్ లిస్టులో ఉంటేనే, బయోస్ (బోర్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాకే. ఆ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే, యూపీఎస్ మీద పెట్టి చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్ళీ లేవకపోవచ్చు. ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాల మీద హీట్‌సింక్ లేని ఏ320 బోర్డు మీద 16 కోర్ల 5950ఎక్స్ పెట్టే సాహసం మాత్రం వద్దు. 65 వాట్ల 5600, 5700ఎక్స్ దగ్గర ఆగండి.

ఇక్కడే ఇంకో దెబ్బ. 5600కీ, 5700ఎక్స్‌కీ లోపల గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా, లోపలే గ్రాఫిక్స్ ఉన్న 2200జీ మీద నడుస్తున్న సిస్టమ్‌లో 5600 వేస్తే తెర మీద బొమ్మే రాదు, పెట్టెలో కొత్త చిప్ ఉన్నా. 5600జీ కొనాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవీ అంతే.

విప్పేటప్పుడు: ఏఎమ్4 కూలర్‌ను (హీట్‌సింక్, ఫ్యాన్ కలిపి) ఎప్పుడూ పైకి లాగొద్దు. ఎండిన పేస్టు చిప్‌ని కూలర్‌కే అతికించేస్తుంది, లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు లోడు మీద నడిపి, ఆపి, ప్లగ్ తీసి, పేస్టు మెత్తగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) సంగతి మరిచిపోవడం. ఏఎమ్‌డీ బోర్డులో ప్రాసెసర్ మార్చాక ఎఫ్‌టీపీఎమ్ (ఆ తాళంచెవులు దాచే చోటు) రీసెట్ చేయమంటారా అని అడగొచ్చు. అవునంటే లోపలి తాళంచెవులు పోతాయి. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫోటోలూ టాలీ డేటా అన్నీ అందులోనే ఉండిపోతాయి. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. విండోస్ వేసిచ్చిన షాపువాళ్ళు తమ మెయిల్‌తో అకౌంట్ పెట్టి ఉంటే అది మీ చేతికి రాదు. విప్పకముందే కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్ సస్పెండ్ చేయండి.

అపోహ: తక్కువ ధరకు 14 కోర్ల జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) కిట్ దొరుకుతుంటే ఇంకేం కావాలి?

వాస్తవం: ఈ5-2680 వీ4, 2016 నాటి చిప్, టర్బో (అత్యధిక వేగం) 3.3 గిగాహెర్ట్జ్. రెండరింగ్‌కి సరే. ఆటోకాడ్‌కి కొత్త ఐ3 నయం. విండోస్ 11 సపోర్ట్ జాబితాలో లేదు.

అపోహ: ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ మొదలయ్యే తీరు మార్చే టూల్) ప్రాసెసర్ల సంఖ్య పెంచితే అన్ని కోర్లూ మేల్కొంటాయి.

వాస్తవం: విండోస్ మామూలుగానే అన్నీ వాడుతుంది. ఆ గడి ఉన్నది పరీక్ష కోసం కోర్లు తగ్గించడానికి. టిక్ తీసేయండి.

అపోహ: పెళ్ళి వీడియో ఎడిటింగ్‌కి ఎన్ని కోర్లుంటే అంత మంచిది.

వాస్తవం: ఎక్స్‌పోర్ట్‌కి కొంతవరకు నిజం. టైమ్‌లైన్ ఆగి ఆగి నడవడానికి కారణం మాత్రం వేరు. ఇప్పటి కెమెరాల 10 బిట్ 4:2:2 హెచ్.265 అనే పద్ధతిలో కుదించిన ఫైళ్ళను విప్పే హార్డ్‌వేర్ చాలా గ్రాఫిక్స్ కార్డుల్లో లేదు. 12వ తరం, ఆపైన ఇంటెల్ చిప్‌ల లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది. కాబట్టి ఎఫ్ లేని చిప్ తీసుకుని, బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆన్‌లో ఉంచండి. పాత సిస్టమ్‌తోనే నెట్టుకురావాలంటే ముందు ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్ళు) చేసుకోండి. దానికి పైసా ఖర్చు లేదు, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి తయారుగా ఉంటాయి.