ఇంటి పన్ను రసీదులో అయ్యదేవర

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కు ఎవరినడిగినా దారి చెబుతారు. టమాటా గంపల మధ్య బేరమాడుతున్న మనిషిని ఆపి, ఆ కాళేశ్వరరావు ఎవరండీ అని అడిగి చూడండి. జవాబు రావడం కష్టమే.

అయ్యదేవర కాళేశ్వరరావు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి. 1956 డిసెంబరులో ఆ పీఠమెక్కారు. ఇది పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కంఠతా వచ్చు. ఏ దారిన అక్కడికి చేరారన్నది మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండదు.

పుట్టింది నందిగామలో. బందరు నోబుల్ కళాశాలలో చదువుతుండగా సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావం పడింది. బెజవాడలో వకీలుగా కుదురుకున్నా, కోర్టు పని కంటే పుస్తకాల పనే ఆయనను ఎక్కువగా లాగింది. రాజా రామమోహన రాయ్ పేరిట ఊళ్లో వెలసిన గ్రంథాలయానికి ఆయన పెద్దదిక్కు. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందీ ఈ ఊళ్లోనే. గ్రంథాలయమంటే ఆ రోజుల్లో బీరువా, తాళం కాదు. చదువు రానివారిని కూర్చోబెట్టి ఒకరు పత్రిక బిగ్గరగా చదివేవారు. విన్నవారు వాదనకు దిగేవారు. రాజకీయం అక్కడే మొదలయ్యేది.

రైళ్లు మూడు దిక్కుల నుంచి వచ్చి కలిసే ఊరు కావడంతో సభలకు బెజవాడ అనువుగా ఉండేది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడే కూడి తిలక్ నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు లక్ష్యంగా పెట్టుకుంది. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించిందీ అప్పుడే. సహాయ నిరాకరణలో కాళేశ్వరరావు వకాల్తా వదిలారు, జైలుకు వెళ్లారు.

మద్రాసు శాసనసభకు ఎన్నికైన 1937 నాటికి ఆయనకు యాభై దాటాయి. అప్పట్లో ఓటు అందరిదీ కాదు. ఆస్తో, పన్నో, చదువో ఉన్నవారికే. అంటే ఓటర్లలో చాలామంది ఆయనను కోర్టులోనో, గ్రంథాలయంలోనో ముందే ఎరిగినవారై ఉంటారని నా ఊహ. 1946లో మళ్లీ గెలిచారు. ఆ సభ కాలంలోనే, 1948లో, మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఆ తరహా చట్టం అదే మొదటిది. 1955లో విజయవాడ నుంచి గెలిచారు. ఆయన సభాపతిగా ఉండగానే 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. ఆ ఘనతంతా ఆయన ఖాతాలో వేయడం అన్యాయం. అయ్యంకి వంటివారు దశాబ్దాలపాటు ఊరూరా తిరిగారు. అయితే చదువుల గదిలో మొదలైన కోరిక చట్టమయ్యే వేళకు ఆ గది మనిషే సభను నడిపిస్తున్నారు.

1962 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. మార్కెట్‌కు పేరు మిగిలింది. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు రసీదు కాస్త కిందికి చదవండి. గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు కనిపిస్తుంది, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు.