అలాంజో మోర్నింగ్ కిడ్నీ కథ

పిల్లలూ,

బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు మీలో ఉన్నారు కదా, అలాంజో మోర్నింగ్ పేరు విన్నారో లేదో. ఆరడుగుల పది అంగుళాల మనిషి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1992 డ్రాఫ్ట్‌లో షకీల్ ఓనీల్ తర్వాత రెండో ఎంపిక అతనే. మొదట షార్లెట్ హార్నెట్స్‌కి, 1995 నుంచి మయామీ హీట్‌కి ఆడాడు. అవతలివాళ్ల షాట్లను గాల్లోనే కొట్టిపడేయడంలో దిట్ట. 1999, 2000ల్లో వరసగా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు, ఆపైన సిడ్నీ ఒలింపిక్స్ స్వర్ణం. తిరిగొచ్చిన కొన్నాళ్లకే కాళ్లు వాచాయి. పరీక్ష చేస్తే ఫోకల్ సెగ్మెంటల్ గ్లోమెరులోస్క్లెరోసిస్, పొట్టిగా ఎఫ్‌ఎస్‌జీఎస్ అనే కిడ్నీ జబ్బు తేలింది.

పేరుకి నోరు తిరగదు గానీ సంగతి అర్థం కానిదేమీ కాదు. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల చిన్న జల్లెడలుంటాయి. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, పనికొచ్చేదంతా మళ్లీ రక్తంలోకి పంపి, లీటరున్నరో రెండో మూత్రంగా వదులుతాయి. ఈ జబ్బులో కొన్ని జల్లెడలు అక్కడక్కడా మచ్చకట్టి గట్టిపడతాయి. అప్పుడు ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు. మూత్రంలో నురగ వచ్చి ఎంతకీ విరగదు.

నొప్పి మాత్రం ఉండదు. చిక్కంతా అక్కడే. రక్తంలో క్రియాటినిన్, అంటే కండల నుంచి వచ్చి కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం, బాగుంది కదా అని ధీమాగా ఉంటారు కొందరు. కిడ్నీల శక్తి సగం దాకా పోయినా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. కండలు తిరిగినవాళ్లకైతే జబ్బు లేకున్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూపించుకోవాలి.

మోర్నింగ్ మందులు వాడుతూనే 2001-02లో 75 మ్యాచ్‌లు ఆడాడు. మరుసటి సీజనంతా పోయింది. 2003 డిసెంబర్ 19న, వరసకు సోదరుడయ్యే బంధువు ఇచ్చిన కిడ్నీని అమర్చారు. మామూలుగా పాత కిడ్నీలను తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఓ పక్కన పెట్టి రక్తనాళాలకు కలిపి కుడతారు. అక్కడ పక్కటెముకల కాపు ఉండదు, మోచేతి దెబ్బ నేరుగా తగులుతుంది. అలాంటి ఒంటితో తిరిగొచ్చి, 2006 ఫైనల్స్‌లో డల్లాస్‌తో ఆరో మ్యాచ్‌లో ఐదు షాట్లు అడ్డుకున్నాడు. హీట్‌కి అదే మొదటి టైటిల్. నన్నడిగితే ఆ రెండు అవార్డుల కన్నా ఈ ఐదు బ్లాకులే గొప్పవి.

కిడ్నీ మార్చాక కథ అయిపోదు. కొత్తదాన్ని శరీరం పరాయిదని తరిమేయకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. వాటిలో టాక్రోలిమస్ అనే మందుని సాధారణంగా పన్నెండు గంటలకోసారి, గడియారం చూసి వేసుకుంటారు. తరచూ మరిచిపోతే కిడ్నీ చేజారే ప్రమాదం. మోతాదు మించితే అదే మందు కిడ్నీని దెబ్బతీస్తుంది. పంపరపనస తింటే రక్తంలో ఆ మందు పెరిగిపోవచ్చు, కాబట్టి దాని జోలికి పోకూడదు.

ఈ జబ్బు మీద పరిశోధనకి మోర్నింగ్ ఒక నిధి పెట్టాడు. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో కిడ్నీ ముప్పు పెంచే ఏపీఓఎల్1 జన్యువు గురించి ఊరూరా చెబుతున్నాడు. 2024లో ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడి ఆపరేషన్ అయింది. అప్పటికీ ఏ బాధా తెలియలేదట. ఇప్పుడు మగవాళ్లందరికీ, ఆ క్యాన్సర్‌ని పసిగట్టడానికి చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష గురించి చెబుతున్నాడు.

ఆటగాళ్లు పరీక్షకి వెళ్లేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. గట్టిగా ఆడాక ఒకటి రెండు రోజులు ఏ జబ్బూ లేకున్నా మూత్రంలో ప్రొటీన్ కనిపించొచ్చు. జ్వరం వచ్చినా అంతే. కాబట్టి ముందురోజు ఆట మానేసి, పొద్దున లేవగానే వచ్చే మూత్రం ఇవ్వండి. మొదటి ధార వదిలేసి, నడిమిది సీసాలో పట్టండి. గ్రాము క్రియాటినిన్‌కి ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే కంగారు పడొద్దు, మళ్లీ ఇవ్వండి. మూడు నెలలైనా తగ్గకపోతే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఈలోగా మోకాలి నొప్పికని మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొనుక్కుని మింగకండి, అవి కిడ్నీలను దెబ్బతీయొచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య