పసిబిడ్డ నెత్తిన ఆదాము పాపం: ఈ వివాదం ఎక్కడ మొదలైంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక వీధిలో బాప్టిస్టు మందిరం, పక్క వీధిలో కతోలిక గుడి ఉన్న ఊళ్లు తక్కువేమీ కావు. ఇరువైపుల కుటుంబాలు వియ్యమందుకోవడం కూడా చాలాకాలంగా ఉన్నదే. పెళ్లి దాకా పెద్దగా పేచీ రాదు, బిడ్డ పుట్టాక వస్తుంది. తండ్రి తరఫువారు కతోలికులైతే నెల తిరగకముందే జ్ఞానస్నానం (బాప్తిస్మానికి వారు వాడే పేరు) ఇప్పించాలంటారు. బాప్టిస్టులైన తల్లి తరఫువారు బిడ్డ పెద్దయి, తనంతట తాను విశ్వసించి నీళ్లలోకి దిగితేనే అది బాప్తిస్మమంటారు. ఈ తర్జనభర్జన తేలకముందే బిడ్డ కన్నుమూస్తే పేచీ కాస్తా సమాధుల దొడ్డికి చేరుతుంది. ప్రార్థన ఎవరు చేయాలి, ఏ దొడ్డిలో పూడ్చాలి, అసలు ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడున్నట్టు? మళ్లీ రాజుకున్న వాదన ఇదే.

ఏదెను తోటలో జరిగినదీ, ఒక మనుష్యుని ద్వారా పాపమూ, పాపం ద్వారా మరణమూ లోకంలో ప్రవేశించాయని పౌలు రోమా సంఘానికి రాసినదీ ఇక్కడ తిరిగి చెప్పనక్కరలేదు. ఆదాము అవిధేయత వల్ల మానవజాతికి చావు, ఆయాసం, ప్రసవవేదన, దేవునితో ఎడబాటు దాపురించాయన్నంతవరకు క్రైస్తవ శాఖలు దాదాపు అన్నీ ఒప్పుకుంటాయి. తేడా ఒక్కచోటనే, జన్మపాపం అనే మాట దగ్గర, ఉంది. ఆ తప్పిదం తెచ్చిన నష్టం మాత్రమే మనకు సంక్రమించిందా, లేక ఆ తప్పిదం తాలూకు నేరం కూడా మన మీద, అంటే నిన్న రాత్రి పుట్టిన బిడ్డ మీద సైతం, ఉన్నట్టేనా? మొదటి నాలుగు వందల ఏళ్లు సంఘం ఈ ప్రశ్నకు ఒక్క మాటగా జవాబు చెప్పలేదు. చెప్పక తప్పని పరిస్థితి క్రీ.శ. 411 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరంలో జరిగిన ఒక విచారణతో వచ్చింది. ఇవాళ మన ఊళ్లలో జరుగుతున్న పేచీకి మూలం అక్కడ వెతకాలి తప్ప ఆదికాండంలో కాదని ఈ కథనం అభిప్రాయం.

అంతకు ఏడాది ముందు, 410లో, గోతుల రాజు అలారిక్ సేనలు రోమ్ నగరాన్ని కొల్లగొట్టాయి. సముద్రం దాటి ఆఫ్రికా చేరిన కాందిశీకుల్లో బ్రిటన్ నుంచి వచ్చిన సన్యాసి పెలేజియస్, అతని అనుచరుడు సెలెస్టియస్ ఉన్నారు. పెలేజియస్ తూర్పు దేశానికి వెళ్లిపోగా, సెలెస్టియస్ కార్తేజిలోనే ఉండి గురుపట్టానికి అర్జీ పెట్టుకున్నాడు. మిలాన్ నగరానికి చెందిన పౌలీనస్ అనే డీకను (సంఘ పరిచారకుడు) దానికి అభ్యంతరం చెప్పి ఆరోపణల జాబితా సమర్పించాడు. ఆదాము పాపం ఆదాముకే కీడు చేసింది గాని మానవజాతికి కాదనీ, పుట్టే పిల్లలు పాపానికి ముందు ఆదాము ఏ స్థితిలో ఉన్నాడో ఆ స్థితిలోనే పుడతారనీ సెలెస్టియస్ బోధిస్తున్నాడన్నవి అందులో ముఖ్యమైనవి.

బిషప్పు ఔరేలియస్ అధ్యక్షతన జరిగిన ఆ విచారణలో కొంత భాగం, తరువాత ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను తన రచనలో చేర్చుకోవడం వల్ల, నేటికీ మిగిలింది. పాపం తండ్రి నుంచి బిడ్డకు సంక్రమిస్తుందా అని నిలదీస్తే, ఈ విషయంలో పెద్దల్లోనే భిన్నాభిప్రాయాలు తాను విన్నాననీ, ఇది చర్చించదగిన ప్రశ్నే గాని మతభ్రష్టత్వం కాదనీ సెలెస్టియస్ బదులిచ్చాడు. ఆ పెద్దలెవరో పేర్లు చెప్పమంటే రోమ్‌లో ఉన్న రూఫినస్ అనే గురువు పేరు చెప్పాడు. పసిబిడ్డల సంగతి ఏమిటని అడిగితే, వారికి బాప్తిస్మం అవసరమని తానెప్పుడూ అంటూనే ఉన్నాననీ, పౌలీనస్‌కు ఇంకేం కావాలనీ ఎదురు ప్రశ్న వేశాడు. ఆ జవాబే అతణ్ణి ముంచింది. బాప్తిస్మం పాపక్షమాపణ కోసమే అయితే, పాపమే లేని బిడ్డకు అది ఎందుకు? సెలెస్టియస్ దగ్గర దీనికి సరైన సమాధానం లేదు. సభ అతణ్ణి సహవాసం నుంచి వెలివేసింది.

అగస్టీను ఆ విచారణలో లేడు. కానీ ఆ మెలికను పట్టుకొని సిద్ధాంతంగా కట్టినవాడు ఆయనే. తల్లులు బిడ్డలను ఎత్తుకొని గుడికి పరుగెత్తుకు వస్తున్నారు, గురువు ఆ బిడ్డ ముఖం మీద ఊది అపవిత్రాత్మను వెళ్లగొడుతున్నాడు, తరువాతే నీళ్లు పోస్తున్నాడు. సాతాను అధికారంలో లేని బిడ్డ ముఖం మీద ఊదడం ఎందుకు, కడగవలసిన మచ్చే లేకపోతే కడగడం ఎందుకు అని ఆయన వాదన. బిడ్డ స్వయంగా చేసిన పాపమేమీ లేదు కనుక అది ఆదాము నుంచి వచ్చిన పాపమే కావాలి. వాదం పటిష్ఠంగానే ఉంది. అయితే అది నడిచిన దారి గమనించాలి. సిద్ధాంతం ముందు పుట్టి ఆచారం వెనుక రాలేదు. ఆచారం అప్పటికే ఉంది, దానికి కారణం కావలసి వచ్చి సిద్ధాంతం బిగిసింది.

ఆ ఆచారమైనా అందరూ పాటించినది కాదు. అదే కార్తేజిలో క్రీ.శ. 200 ప్రాంతంలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, అమాయకపు ప్రాయంలో ఉన్నవారు పాపక్షమాపణ కోసం ఎందుకు తొందరపడాలని అడిగి, పిల్లల బాప్తిస్మాన్ని వాయిదా వేయడమే మేలన్నాడు. సుమారు 253లో అదే నగరపు బిషప్పు సిప్రియన్, మరి 66 మంది బిషప్పుల సభ తరఫున, బాప్తిస్మానికి బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు దాకా ఆగనక్కరలేదని తీర్పు చెప్పాడు. బిడ్డకు క్షమించబడేవి తన పాపాలు కావు, పరుల పాపాలు అని ఆయన ఇచ్చిన కారణం. అంటే బీజం అప్పటికే పడింది, కాదనడం కుదరదు. కానీ అగస్టీను సంగతే చూడండి. చిన్నతనంలో జబ్బు చేసినప్పుడు బాప్తిస్మానికి సిద్ధం చేసి కూడా, కోలుకోగానే తల్లి మోనికా దాన్ని వాయిదా వేసింది. ఆయన 387లో, ముప్ఫై ఏళ్లు దాటాక, మిలాన్‌లో అంబ్రోసు చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అంతటి భక్తురాలైన మోనికా తన బిడ్డ అప్పుడే చనిపోతే నరకానికి పోతాడని నిశ్చయంగా నమ్మి ఉంటే అంత నిబ్బరంగా ఆగగలిగేదా?

అగస్టీను గమనించినది వట్టి వాదమే అనుకోవడం కూడా అన్యాయం. పాలు తాగే వయసులో ఉన్న ఒక శిశువు, తన దాదిరొమ్ము మరో శిశువు తాగుతుంటే పాలిపోయిన ముఖంతో, కక్షతో చూడడం తాను కళ్లారా చూశానని ఆయన తన ఆత్మకథలో రాశాడు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఎవరికైనా ఇది తెలిసిన దృశ్యమే. మంచి ఏదో తెలిసినా చేయలేని సంకల్పం, చేయకూడదనుకున్నదాని మీదికే ఉరికే కోరిక, మనిషిని లోపలినుంచి వంచే ఈ వంకర నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చినది అన్న ఆయన పరిశీలనను ఇవాళ్టికీ కొట్టిపారేయడం కష్టం. చిక్కల్లా ఆ బలహీనతతో పాటు శిక్షార్హమైన నేరాన్ని కూడా బిడ్డకు అంటగట్టడంలోనే వచ్చింది.

ఆ చిక్కును సూటిగా ఎత్తిచూపినవాడు దక్షిణ ఇటలీలోని ఎక్లానుము బిషప్పు జూలియన్. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో చెప్పిన దేవుడే, పసికందులను వేరొకరి తప్పుకు శిక్షిస్తాడా అని అతని ప్రశ్న. న్యాయం లేని దేవుడు దేవుడే కాడనీ, పుట్టుకనే నేరం చేస్తే వివాహాన్నీ, శరీరాన్నీ సృష్టించినవాణ్ణి నిందించినట్టేననీ అతడు వాదించాడు. అప్పటికి సమయం మించిపోయింది. 418 ఏప్రిల్ 30న చక్రవర్తి హొనోరియస్ పెలేజియస్, సెలెస్టియస్‌లను రోమ్ నుంచి బహిష్కరిస్తూ శాసనం జారీ చేశాడు. మరునాడే, మే 1న, కార్తేజిలో 200 మందికి పైగా బిషప్పులు సమావేశమై, అప్పుడే పుట్టిన బిడ్డలకు బాప్తిస్మం అక్కరలేదనేవారినీ, వారికి ఆదాము నుంచి వచ్చిన పాపమేదీ లేదనేవారినీ శపించారు. మొదట సెలెస్టియస్ వైపు మొగ్గిన రోమ్ బిషప్పు జోసిమస్ కూడా మాట మార్చాడు. ఆఫ్రికా వర్గం ఆస్థానానికి 80 గుర్రాలు కానుకగా పంపిందని జూలియన్ ఆరోపించాడు. అది ఎంతవరకు నిజమైనా, రాజశాసనం సభ తీర్మానం కంటే ఒకరోజు ముందు వెలువడిందన్నది మాత్రం తేదీలు చెబుతున్న విషయం. సంతకం పెట్టనన్న జూలియన్ పదవి పోగొట్టుకొని పరదేశాల పాలయ్యాడు. 430లో వాండలు తెగవారు హిప్పోను ముట్టడించిన రోజుల్లో అగస్టీను కన్నుమూసేనాటికి జూలియన్‌కు రాస్తున్న జవాబు ఇంకా పూర్తి కాలేదు.

బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డకు దక్కేది శిక్షే, కాకపోతే అన్ని శిక్షల్లోకీ తేలికైనది అని అగస్టీను తేల్చాడు. గ్రీకు భాష మాట్లాడే తూర్పు సంఘాలు ఈ దారిన నడవలేదు. ఆదాము నుంచి మనకు వచ్చింది చావూ, చెడిన స్వభావమే గాని అతని నేరం కాదని వారు నేటికీ బోధిస్తారు, అయినా పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తూనే ఉన్నారు. నేరం అంటగట్టకుండానే ఆ ఆచారం నిలవగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. పడమటి దేశాల్లో 13వ శతాబ్దానికి పండితులు శిక్షను మరింత తగ్గించి, నొప్పీ బాధా లేని లింబో అనే చోటును ఊహించారు. 1546లో కతోలికుల ట్రెంట్ మహాసభ జన్మపాపం అనుకరణతో కాక వంశపారంపర్యంగా వస్తుందని ఖరారు చేసింది. జ్ఞానస్నానంతో ఆ నేరం పోయినా దురాశ మిగిలే ఉంటుందనీ, అది స్వతహాగా పాపం కాదనీ కూడా చెప్పింది. లూథరన్లు 1530 నాటి ఔగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో (విశ్వాస ప్రకటనలో) దురాశను కూడా పాపమేనంటూ, పిల్లల బాప్తిస్మాన్ని మాత్రం అలాగే ఉంచారు. దాన్ని కాదన్నవారికి దక్కినది వేరు. జూరిక్‌లో పెద్దలకు తిరిగి బాప్తిస్మమిచ్చిన ఫెలిక్స్ మాన్జ్‌ను 1527 జనవరి 5న లిమ్మట్ నదిలో ముంచి చంపారు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి ఇంగ్లీషు బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పిన జాన్ స్మిత్ పుట్టుకతో వచ్చే పాపమనేదే లేదని ఒప్పుకోలు రాశాడు. అతని తరువాతి బాప్టిస్టుల్లో అధికులు అంతదూరం వెళ్లలేదు.

ఈ తగువులన్నీ తీరకుండానే మన తీరానికి చేరాయి. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీ సొసైటీవారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చే సంప్రదాయంవారు. శ్రీకాకుళం, విజయనగరాల్లో వారు సాగించిన పని తరువాత కెనడా బాప్టిస్టుల చేతికి వచ్చింది, వీరు విశ్వసించిన పెద్దలకు మాత్రమే నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చేవారు. 1846లో సవాయి దేశపు అన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నం వచ్చి కతోలిక విచారణలు (గుడి పరిధిలోని సంఘాలు) నెలకొల్పారు. సాలూరు వైపు జర్మనీ లూథరన్లు వచ్చారు. కతోలికుల శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్పు పాలనా ప్రాంతం) 1993 జూలై 1న ఏర్పడి రెండు జిల్లాలనూ తన పరిధిలోకి తీసుకుంది. ఈ విధంగా యూరపులో శతాబ్దాల తేడాతో పుట్టిన నాలుగు రకాల జవాబులు ఇక్కడ ఒకే బంధువర్గంలో కలిశాయి.

కతోలికుల వైపు నియమాలు ఎంతగా మారాయో చాలామంది ఉపదేశులకే తెలిసినట్టు లేదు. 1917 నాటి ధర్మశాస్త్రం జ్ఞానస్నానం లేనివారికి సంఘ సమాధి నిరాకరించింది. 1983 నాటి కొత్త శాస్త్రం, బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకొని ఉండి అంతలో బిడ్డ పోతే, స్థానిక బిషప్పు అనుమతితో సంఘ అంత్యక్రియలు జరపవచ్చునంది. 1992 నాటి సత్యోపదేశం అనే కతోలిక బోధనా గ్రంథం, జన్మపాపం ఆదాము సంతానంలో ఎవరికీ వ్యక్తిగత దోషం కాదని స్పష్టంగా చెబుతూ, అటువంటి బిడ్డలను దేవుని కనికరానికి అప్పగించింది. 2007లో వాటికన్ వేదాంత సంఘం, పోపు పదహారవ బెనెడిక్టు ఆమోదంతో వెలువరించిన పత్రంలో లింబో ఎన్నడూ విశ్వాస సత్యంగా ప్రకటించబడలేదనీ, ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయనీ తెలిపింది. జూలియన్ అడిగిన ప్రశ్నకు పదిహేను వందల ఏళ్ల తరువాత సగం జవాబు వచ్చిందనవచ్చు.

బాప్టిస్టుల వైపూ ఇరుకు లేకపోలేదు. ఉజ్జీవ సభల్లో ‘పాపములోనే నా తల్లి నన్ను గర్భమున ధరించెను’ అన్న 51వ కీర్తన చదివి మనిషి పుట్టుకతోనే పాపి అని గట్టిగా చెప్పే పాస్టరుగారే, పసిబిడ్డ సమాధి దగ్గర దావీదు తన చనిపోయిన బిడ్డ గురించి అన్న మాట చదివి, తల్లితో నీవే వాని దగ్గరకు వెళతావమ్మా అంటారు. రెండు మాటలకూ మధ్య పొంతన ఎక్కడో ఎవరూ వివరించరు. అయితే దుఃఖంలో ఉన్న ఇంటికి ఆ రెండో మాట అక్కరకొస్తుంది.

ఇప్పటి పేచీ నిజానికి 1983 నాటి నియమంలోని ఒక్క షరతు, అంటే తల్లిదండ్రుల ఉద్దేశం, దగ్గర ఆగింది. సంఘాంతర వివాహం చేసుకునే కతోలిక పక్షం పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇప్పించడానికి తనకు చేతనైనంత చేస్తానని మాట ఇవ్వాలి. బాప్టిస్టు పక్షం అలాంటి మాట ఇవ్వనక్కరలేదు, ఆ సంగతి తెలిసి ఉంటే చాలు. మరి తండ్రి ఇప్పించాలనుకొని, తల్లి కావాలనే ఆగమన్నప్పుడు, తల్లిదండ్రుల ఉద్దేశం ఉన్నట్టా లేనట్టా? ఆలస్యానికి నియమంలో చోటుంది, అభిప్రాయభేదం సంగతి అందులో లేదు. అటు బాప్టిస్టు సంఘంలో సభ్యత్వం బాప్తిస్మంతో వస్తుంది, సభ్యుల పిల్లలను సభ్యుల దొడ్డిలోనే పూడ్చడం రివాజు. తండ్రి కతోలికుడైన బిడ్డను సభ్యుల బిడ్డగా లెక్కించాలా అన్నది సంఘ పెద్దలు తేల్చాలి. సమాధులకు జాగా దొరకడమే కష్టంగా ఉన్న దళిత క్రైస్తవ పేటల్లో ఈ లెక్కకు మరింత పట్టింపు వస్తుంది. ఒకవైపు అనుమతి బిషప్పుగారి చేతిలో ఉంటే, రెండోవైపు సంఘ పెద్దల చేతిలో ఉంది.