ఫోను ఎక్కడ పెట్టారు?

"టైమెంతయిందో చూద్దామని ఫోను తీస్తానా సార్, రీల్స్‌లో అరగంట పోయుంటాది. టైమెంతో మాత్రం చూసుండను."

డీఎస్సీకి చదువుతున్న మా పక్కింటి కుర్రాడు పోయిన చలికాలంలో నాతో అన్న మాట ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో మా రెండిళ్లకూ ఒకటే గోడ. నేను జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి అనుమానం వస్తే పుస్తకం పట్టుకుని వస్తాడు. ఆ రోజు చేతిలో పుస్తకం లేదు. తనకు నిలకడ లేదని, ఈ చదువు తనవల్ల కాదని చెప్పడానికి వచ్చాడు. నాకు బాధేసింది. తన గుణం మీద వేసుకుంటున్న ఆ తప్పులో సగానికి పైగా అతని దిండు పక్కనున్న ఛార్జర్‌ది.

అలవాట్లు ముడిపడే చోటు మెదడు లోపల ఉంది. బేసల్ గాంగ్లియా అంటారు. అమెరికాలోని ఎంఐటీలో ఆన్ గ్రేబియెల్ బృందం రెండుగా చీలే ఇరుకు దారిలో ఎలుకలను పరుగెత్తించి, ఈ భాగంలోని కణాలు ఎప్పుడెప్పుడు చురుగ్గా ఉంటున్నాయో కొలిచింది. ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. మొదట్లో ఎలుక పరుగెత్తినంతసేపూ కణాలు పనిచేశాయి. దారి బాగా అలవాటయ్యాక పరుగు మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే పెద్దగా స్పందించాయి, నడుమ సద్దుమణిగాయి. అంటే మెదడు ఆ పరుగునంతా ఒకే మూటగా కట్టేసింది. పరుగుకు సూచనగా మొదట్లో వినబడే చిన్న టిక్కు ఆ మూట ముడి విప్పుతుంది. ముడి విడిందంటే మిగతాది దానంతటదే జరిగిపోతుంది. మా కుర్రాడికి ఆ టిక్కు "టైమెంత?" అనే ప్రశ్న. ఆ ప్రశ్న రోజుకు ఎన్నిసార్లు పుడితే అన్నిసార్లు రీల్స్ మూట విడుతుంది.

ఇక డోపమిన్ అనే మెదడు రసాయనం. దీన్ని సుఖ రసాయనం అని అందరూ అనేస్తున్నారు. ఆ మాట సరికాదు. వోల్ఫ్రాం షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికినప్పుడు డోపమిన్ కణాలు ఎగసిపడ్డాయి. రసానికి ముందు ఒక సూచన వస్తుందని కోతి నేర్చుకున్నాక అవే కణాలు రసం దగ్గర ఊరుకుని, సూచన దగ్గరే స్పందించాయి. సూచన వచ్చి రసం రాకపోతే మామూలు కన్నా కిందికి పడిపోయాయి. అనుకున్నదానికీ అందినదానికీ ఉన్న తేడా అక్కడ లెక్కకు వస్తోంది. 2003లో ఆయన సహచరులతో కలిసి ఇంకోటి చూపించాడు: రసం వస్తుందో రాదో సగం సగం అన్నప్పుడు, ఆ ఎదురుచూపు సాగినంతసేపూ డోపమిన్ చర్య పెరుగుతూ పోతుంది. తర్వాతి రీలు బాగుంటుందో ఉండదో తెలియదు. వేలు కదుపుతూనే ఉండడానికి ఆ తెలియకపోవడమే చాలు.

దీనికి తోడు, ఎక్కడా ఆగే చోటు లేదు. వెనుకటి వెబ్ పేజీకి ఒక చివర ఉండేది, తర్వాతి పేజీకి వెళ్లాలంటే ఒక బొత్తాం నొక్కాల్సి వచ్చేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేకుండా జారుతూపోయే పేజీని తయారుచేశాడు. దాని ఫలితాలు చూసి తర్వాత తానే పశ్చాత్తాపపడ్డాడు. అలిపిరి నడకదారిలో కొండెక్కినవాళ్లకు ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ 3,550 మెట్లున్నాయి, మధ్యమధ్య మండపాలున్నాయి, గాలిగోపురం ఉంది. మండపం కనబడగానే కూర్చుంటాం. కూర్చున్నాక ఎంత ఎక్కాం, ఇంకెంత ఉంది, పిల్లలు వెనకబడ్డారా అని చూసుకుంటాం. మండపాలన్నీ తీసేసిన మెట్లదారి మన చేతిలో ఉంది.

అయితే ఫోను మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను. చంద్రగిరిలో ఉన్న మా అమ్మ రాత్రి పన్నెండుకు ఫోను చేస్తే నేను ఎత్తాలి. గ్యాసు సిలిండరు, బస్సు టికెట్టు, కూరగాయల బండి దగ్గర చెల్లింపు అన్నీ దాంట్లోనే. కుర్రాడికి పాఠాలూ అందులోనే వస్తాయి. వదలలేని వస్తువు కాబట్టి దాని స్థానం మార్చాలి. స్థానం అన్నది నేను అక్షరాలా వాడుతున్నాను.

మొదట ఛార్జర్‌ని మార్చాం. పడకగదిలోంచి తీసి వాళ్ల వంటింటి గట్టు మీద, కాఫీ డికాక్షన్ వేసే చోట పెట్టించాను. లేవడానికి మామూలు అలారం గడియారం, చూడడానికి గోడ గడియారం. దాంతో "టైమెంత?" అన్న ప్రశ్నకూ ఫోనుకూ సంబంధం తెగింది. పక్కన ఫోను ఉంటేనే బుద్ధి మందగిస్తుందని 2017లో ఒక అధ్యయనం పేరు మోగింది. తర్వాత చేసిన ప్రయోగాల్లో కొన్నింటిలో ఆ ఫలితం రాలేదు కాబట్టి దాని మీద నేను బరువు వెయ్యను. నోటిఫికేషన్ సంగతి వేరు. ఫోను తియ్యకపోయినా, అది వచ్చిన చప్పుడు వింటేనే చేస్తున్న పనిలో తప్పులు పెరిగాయని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీవాళ్లు 2015లో చూపించారు. అందుకని ఫోను కాల్స్ తప్ప అన్నీ మూయించాం. బంధువుల గ్రూపులో శుభోదయాలు సాయంత్రం చూసినా ఎవరూ ఏమీ అనుకోరు.

కావలసిన మూట కట్టడం అసలు పని. "రేపట్నుంచి బాగా చదువుతా" అనుకోవడానికీ, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తా" అనుకోవడానికీ చాలా తేడా ఉందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చూపించాడు. రెండోదానిలో సూచన ముందే కుదిరిపోయి ఉంటుంది. వాళ్లింట్లో కాఫీ ఏ రోజూ తప్పదు. కాబట్టి కాఫీ గ్లాసు తొట్టిలో పెట్టగానే, పక్కనే ఉన్న ఫోనులో పది ప్రశ్నలు. మొదటి తెర మీద ప్రశ్నల యాప్ ఒక్కటే ఉంచాడు. వీడియోల యాప్ తీసేసి, కావాలంటే బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టి చూసుకునేలా చేసుకున్నాడు. మంచి పనికి ఒక్క తాకు చాలు, కాలక్షేపానికి అయిదారు కావాలి.

ప్రశ్నలే ఎందుకంటే, చదివిందే మళ్లీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకోవడం మేలు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, గుర్తుతెచ్చుకుని రాసి చూసుకున్నవాళ్లకు 56 శాతం నిలిచింది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు షుగర్. నడవమని డాక్టరు చెప్పి నాలుగేళ్లయినా, ఫోను అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టాకే నిజంగా నడిచాను. ఫోనులో ఇసుక రేణువంత సిలికాన్ బరువొకటి సన్నటి స్ప్రింగుల మీద ఆడుతుంటుంది. అడుగు పడినప్పుడల్లా అది ఊగి, పక్కనున్న పలకలకు దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. ఆ ఊపులోని లయను పట్టుకుని లెక్క వేస్తారు. ఇలాంటి లెక్కలతో నడక పెరుగుతుందా అని 2007లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, రోజుకు సుమారు 2,500 అడుగులు పెరిగినట్టు తేలింది. ముందుగా ఒక లక్ష్యం పెట్టుకోవడం అందులో కీలకమైంది. అందరూ జపించే 10,000 మాత్రం వైద్యం చెప్పిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు నుంచి పుట్టింది. నేను 6,000తో మొదలుపెట్టాను.

ఇందులో ఒక చిక్కు ఉంది. శ్రీవారి మెట్టు దారిన 2,388 మెట్లెక్కిన ఒక ఉదయం, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వంగి వంగి వస్తున్న ఒక అమ్మను దాటుకుపోయి ఫోనులో అంకె చూసుకున్నాను. ఆ కొండ గాలి గుర్తులేదు, అంకె గుర్తుంది. కొలవడం మొదలుపెడితే ఇష్టంగా చేసే పని కూడా చాకిరీలా తోచవచ్చని జోర్డాన్ ఎట్కిన్ అనే పరిశోధకురాలు 2016లో ప్రయోగాలతో చూపించింది. అప్పట్నుంచి ఎక్కేటప్పుడు ఫోను సంచిలో ఉంటుంది. లెక్క ఇంటికొచ్చాకే.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది? 21 రోజులన్న మాట బాగా ప్రచారంలో ఉంది గానీ దానికి ఆధారం బలహీనం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా వేశారు. మన దీక్షల మండలం, 41 రోజులు, ఈ లెక్కకు 21 కన్నా దగ్గర. ఆ అధ్యయనంలో నాకు బాగా నచ్చింది మరో సంగతి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడం పెద్దగా దెబ్బతినలేదు.

ఆ సంగతి మే నెలలో అక్కరకొచ్చింది. తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, ఊరంతా వీధుల్లోనే. కుర్రాడు మాతంగి వేషం కట్టిన మేనమామ వెంట తిరిగాడు. నాలుగు రోజులు ప్రశ్నలు లేవు. అయిదో రోజు ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. యాప్‌లో వరుస రోజుల అంకె 97 నుంచి సున్నాకు పడిపోయి ఉంది. "అంతా పోయింది సార్" అన్నాడు. పోయింది యాప్ పెట్టుకున్న లెక్క మాత్రమేనని, నువ్వు నేర్చిన ప్రశ్నలు ఎక్కడికీ పోలేదని చెప్పి, జాతరకు ముందు చేసినవాటిలోంచి పది అడిగాను. ఎనిమిది చెప్పాడు.

మర్నాడు పొద్దున గోడ అవతల గ్లాసు తొట్టిలో పెట్టిన చప్పుడైంది.