రెండు లైన్ల ప్యాచ్‌కి ఇంత పంచాయితీ ఎందుకంటే

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆదివారాలు కూర్చునే మన లినక్స్ బ్యాచ్‌లో మళ్లీ గొడవ లేచింది. లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ కెర్నల్, దాని మెమరీ టెస్టుకి ఒక పిల్లోడు రెండు లైన్ల ఫిక్స్ రాస్తే రివ్యూ చేసే అన్న ఆపినాడు, ఊరికే సతాయిస్తాండాడని కొందరు అంటాండారు. అసలు కథ 2018లో ఉండాది.

అప్పటిదాకా చాలా సెల్ఫ్‌టెస్టులు (కెర్నల్‌ని పరీక్షించడానికి దాంతోపాటే వచ్చే చిన్న ప్రోగ్రాములు) నడిచే వీలు లేకపోతే సున్నా రిటర్న్ చేసి ఊరుకునేవి, సున్నా అంటే పాస్ కదా, అంటే అసలు నడవని టెస్టు కూడా పాసైనట్టే రిపోర్టులో పడేది. పరీక్షకే రానోడికి ఫస్ట్ క్లాస్ ఇచ్చినట్టు. ఈ టెస్టుల కట్ట కెసెల్ఫ్‌టెస్ట్‌ని చూసుకునే మెయింటెయినర్ షువా ఖాన్ ఆ ఏడాది వరసగా ప్యాచులు పెట్టి, ఇట్లాంటివి ‘నడపలేదు’ అని చెప్పే స్కిప్ కోడ్ 4 ఇచ్చేలా మార్చినారు. మెమరీ టెస్టుల ఫోల్డర్ కూడా అందులో ఉండాది, అప్పుడు దాని పేరు వీఎం, 2023లో ఎంఎం అయింది.

పిల్లోడి వాదన ఒక్క ముక్క: నా పాత ల్యాప్‌టాప్‌లో హ్యూజ్ పేజీలు, అంటే మామూలు 4 కేబీ బదులు 2 ఎంబీ ఉండే పెద్ద మెమరీ ముక్కలు, సరిపడా దొరకవు, కెర్నల్ తప్పేం లేదు, ఫెయిల్ బదులు స్కిప్ అంటే అయిపాయ. న్యాయమే.

అన్న చెప్పేది కొంచెం పొడుగు. హ్యూజ్ పేజీలు 64 కావాలని కెర్నల్ సెట్టింగ్ ఉండే ప్రాక్ ఫైల్లో రాస్తే, మెమరీ ముక్కలు ముక్కలుగా ఉన్నప్పుడు కెర్నల్ ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఏ ఇరవయ్యో ఇచ్చి ఊరుకుంటాది, కాబట్టి రాసినాక మళ్లీ చదివి చూడాల, అది పిల్లోడు చేసినాడు, అన్న మెచ్చుకున్నాడు కూడా. కానీ ఆ చెక్ ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ మొదట్లోనే పెట్టి ఎగ్జిట్ స్కిప్ అనే ఫంక్షన్ పిలిచినాడు, దాంతో ప్రోగ్రామే బయటికి వచ్చేస్తాది, హ్యూజ్ పేజీలతో పనే లేని మామూలు 4 కేబీ పేజీల కేసులు కూడా నడవవు, వాటిల్లో ఏదన్నా నిజంగా పగిలినా ఆ ల్యాప్‌టాప్‌లో కనపడదు. 2018కి ముందు సున్నా దాచిపెట్టిందే ఇప్పుడు 4 దాచిపెడతాది అంటాడు. ఆ ఒక్క కేసుకే స్కిప్ రిజల్ట్ ఇచ్చి మిగతావి నడవనీమన్నాడు, ఇందులో సతాయింపు యాడుందో నాకైతే కనపడలా.

ఫిక్సెస్ ట్యాగ్ కూడా అడిగినాడు. తప్పు ఏ పాత మార్పుతో (కమిట్‌తో) వచ్చిందో దాని గుర్తైన 12 అక్షరాల హ్యాష్‌తో ఈ ట్యాగ్‌లో రాస్తేనే పాత స్టేబుల్ కెర్నళ్లు చూసేవాళ్లకి ఈ ఫిక్స్ తమకి కావాల్నా వద్దా తెలుస్తాది.

నిన్న రెండో వెర్షన్ వచ్చింది. చెక్ మెయిన్ మొదట్లోంచి ఆ ఒక్క కేసు దగ్గరికి దిగింది, ట్యాగ్ ఇంకా లేదు, కమిట్ మెసేజ్‌లో ‘చిన్న ఫిక్స్’ అని తప్ప ఏమీ లేదు.