కోళ్ల ఎరువులో మొండి బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

అపోహ: "డాక్టర్ గారూ, వేసిన యాంటీబయాటిక్ మందు కోడి ఒంట్లోనే అరిగిపోతుంది కదండీ!"

వాస్తవం: పూర్తిగా అరగదు. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో చాలా భాగం మారకుండానే రెట్టలోకి వచ్చేస్తుంది. కోళ్లకు వాడే ఇంకో యాంటీబయాటిక్ ఎన్రోఫ్లాక్సాసిన్ అయితే ఒంట్లో కొంతమేర సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. అవును, మనం మెడికల్ షాపులో కొనుక్కునే సిప్రోనే. అలా లిట్టర్‌లోకి, అంటే షెడ్డులో కోళ్ల కింద పరిచిన పొట్టు, రెట్ట కలిసిన దాంట్లోకి చేరిన మందు అక్కడి బ్యాక్టీరియాను చంపేంత మోతాదులో ఉండదు. బలహీనమైనవి వెనకబడతాయి, తట్టుకున్నవి పెరుగుతాయి. మొండి బ్యాక్టీరియా అంటే ఇవే.

అపోహ: అది కోళ్ల బ్యాక్టీరియా, మనుషుల జోలికి రాదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే. కొన్ని నేరుగా మనకూ సోకుతాయి. సోకని వాటి దగ్గర కూడా మందును తట్టుకునే జన్యువు ఉండొచ్చు. అది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క మీద ఉంటే, ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి వెళ్లిపోగలదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు అలాంటిదే. చైనాలో పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో అది దొరికిందని 2015లో బయటపడింది. ఐసీయూలో వేరే మందులు పనిచేయనప్పుడు వాడేది కొలిస్టినే. మన దగ్గర దాన్ని కోళ్ల దాణాలో బరువు కోసం కలిపేవాళ్లు! 2019 జులైలో ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపలకు దాన్ని నిషేధించారు.

అపోహ: నాలుగు రోజులు ఎండబెడితే ఎరువు శుభ్రపడుతుంది.

వాస్తవం: వాసన తగ్గుతుంది, అంతే. కుప్ప లోపల కనీసం 55 డిగ్రీల వేడి పుట్టాలి, అది రోజుల తరబడి నిలవాలి. మధ్యమధ్యలో తిరగేస్తేనే అంచుల్లో ఉన్నది కూడా లోపలికి వెళ్లి కాగుతుంది. అప్పుడు ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా బాగా తగ్గుతాయి. టెట్రాసైక్లిన్లు కూడా చాలావరకు విరిగిపోతాయి. ఎన్రోఫ్లాక్సాసిన్ కుటుంబం మాత్రం అంత తేలిగ్గా పోదు, జన్యువులు కూడా కొన్ని మిగులుతాయి. అందుకే పచ్చి ఎరువును ఆకుకూర మడిలో వేయొద్దంటాను, చేపల చెరువులోకి దించొద్దంటాను.

అపోహ: గోబర్ గ్యాస్ ప్లాంటులో పోస్తే అన్నీ చస్తాయి.

వాస్తవం: మామూలు ప్లాంటులో ఆ వేడి రాదు. తగ్గుతాయి, పూర్తిగా పోవు.

అపోహ: యాంటీబయాటిక్ ఆపేస్తే చాలు.

వాస్తవం: మొదట చేయాల్సింది అదే. కానీ దాణాలో రాగి, జింక్ ఎక్కువైనా చిక్కే. ఆ లోహాలను తట్టుకునే జన్యువులు, మందులను తట్టుకునే జన్యువులు చాలాసార్లు ఒకే ప్లాస్మిడ్ మీద ఉంటాయి. అందుకే మందు ఆపినా, లోహం ఎక్కువైతే మొండి బ్యాక్టీరియానే నిలబడుతుంది. మినరల్ మిక్చర్ కలిపేటప్పుడు చేతికొచ్చినంత వేయకుండా, చెప్పిన మోతాదు తూకం వేసి కలపండి.